పాత బుల్లెట్ ఇంజన్ విప్పాక బేరింగ్‌లు ఉంచాలా, మార్చాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 ఇంజన్ మొదటిసారి విప్పినవాళ్ళు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. బేరింగ్‌లన్నీ గుడ్డ మీద వరసగా పరిచి, ఫోటో తీసి, "అన్నా, ఇవి పనికొస్తాయా?" అని పంపుతారు. ఫోటోలో ప్రతి బేరింగూ మెరుస్తూనే ఉంటుంది, దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. చేతిలో పట్టుకుని ఏం చూడాలో చెప్పొచ్చు, అందుకే ఈ పేజీ.

ఇక్కడ రాసిందంతా ముఖ్యంగా మద్రాసులో 1955 నుంచి తయారై, దాదాపు 2010 దాకా మూల డిజైన్ మారకుండా వచ్చిన ఆ 346 సీసీ ఇంజన్ గురించే. పేరుకి కాస్ట్ ఐరన్ అంటాం గానీ ఇనుము బ్యారెల్ మాత్రమే, బేరింగ్‌లు కూర్చునే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది గూడు) అల్యూమినియందే. ఇది గుర్తుంటే చాలా సంగతులు వాటంతటవే అర్థమవుతాయి. అంబాసిడర్ వాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి షెల్ బేరింగ్‌ల (బాల్స్, రోలర్లు లేని, సగం గుండ్రటి పల్చటి రేకుల) గురించి కొంచెం చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## విప్పకముందు

ఇంజన్ కింద నుంచి గరగర వస్తోంది. మెయిన్ బేరింగే పోయిందని ఎలా తెలుస్తుంది?

పూర్తిగా తేలేది విప్పాకే, కానీ ముందే కొంత వడపోయొచ్చు. మెయిన్ బేరింగ్ (క్రాంక్ షాఫ్ట్‌ని క్రాంక్‌కేస్‌లో మోసేది) శబ్దం బొంగురుగా, లోతుగా ఉంటుంది, లోడ్ పడితే పెరుగుతుంది, ఫుట్‌రెస్ట్ మీద కాలికి కూడా తెలుస్తుంది. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కి పట్టుకునే చోటు) అయితే టక టక అని కొడుతుంది, యాక్సిలరేటర్ సగంలో పట్టి కొద్దిగా వదిలినప్పుడు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పిస్టన్ శబ్దం చల్లటి ఇంజన్‌లో ఎక్కువ, వేడెక్కాక తగ్గుతుంది.

ఇంజన్ దించే ముందు ఎడమవైపు ప్రైమరీ కవర్ విప్పి చూడండి. వదులైన ప్రైమరీ చైన్, కదులుతున్న ఆల్టర్నేటర్ రోటర్, సరిగ్గా బిగుసుకోని ఇంజన్ స్ప్రాకెట్, ఇవన్నీ అచ్చం మెయిన్ బేరింగ్ లాంటి శబ్దమే చేస్తాయి. ఒక నట్టు బిగిస్తే పోయే శబ్దానికి ఇంజన్ మొత్తం దించేసిన వాళ్ళున్నారు.

ఏళ్ళ తరబడి షెడ్డులో పడున్న బండి. కిక్ కొడితే స్టార్ట్ అవుతోంది. అలాగే నడిపేయొచ్చా?

స్టార్ట్ అవ్వడం వేరు, బేరింగ్ బాగుండడం వేరు. కదలకుండా ఉన్న బేరింగ్‌లో బాల్ ట్రాక్‌ని (అది నడిచే గాడిని) తాకిన చోటే తేమ పట్టి నిలుస్తుంది, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. కోస్తా ఊళ్ళలో, ఉప్పుగాలి తగిలే చోట నిలబెట్టిన బళ్ళకి ఇది మరీ ఎక్కువ. పైగా బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకులోని నూనె నెమ్మదిగా క్రాంక్‌కేస్‌లోకి దిగిపోతుంది, పాత నూనెలో నీరు కలిసి ఉంటే అది కూడా దానితో పాటే దిగుతుంది.

ముందు పాత నూనె మొత్తం దించండి. స్పార్క్ ప్లగ్ తీసి, కొత్త నూనె పోసి, కంప్రెషన్ లేకుండా కిక్‌తో నెమ్మదిగా చాలాసేపు తిప్పండి. ఎక్కడైనా పట్టినట్టు, గరుకుగా తగిలితే స్టార్ట్ చేయొద్దు. తుప్పు చుక్కలున్న బేరింగ్ నడిచే కొద్దీ బాగుపడదు, పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు నూనెతో పాటు తిరిగి ఆయిల్ పంపులోకీ బిగ్ ఎండ్‌లోకీ పోతాయి.

దించిన నూనెలో మెరుపు కనిపిస్తోంది. భయపడాలా?

మెరుపు దేనిదో చూడాలి. నూనెని పల్చటి తెల్లగుడ్డలో వడకట్టి, గుడ్డ కింద అయస్కాంతం కదపండి. దానితో పాటు కదిలితే ఉక్కు: బేరింగో, గేరో, క్యామో. కదలకపోతే అల్యూమినియం గానీ బుష్ (గొట్టంలాంటి లోహపు తొడుగు) లోహం గానీ. పిండిలాంటి సన్నటి బూడిద మెరుపు పాత ఇంజన్‌లో కొంత మామూలే. గోటికి తగిలే సైజులో పల్చటి ఉక్కు రేకులు కనిపిస్తే మాత్రం బేరింగ్ పెచ్చులూడుతోంది, ఇంకో కిలోమీటరు కూడా నడపొద్దు.

## విప్పేటప్పుడు

బేరింగ్ పాడవకుండా క్రాంక్‌కేస్‌లోంచి ఎలా తీయాలి? సుత్తితో కొడితే రావడం లేదు.

రాకపోవడమే మంచిది, వస్తే కేస్ కూడా గీసుకుపోయి వస్తుంది. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 62 మి.మీ. బయటి వ్యాసం ఉన్న బేరింగ్ తీసుకుంటే, కేస్‌నీ బేరింగ్‌నీ కలిపి 110 డిగ్రీల దాకా వేడిచేసినా రంధ్రం బేరింగ్ కంటే సుమారు 0.05 మి.మీ. ఎక్కువ సాగుతుంది. పట్టు వదలడానికి సాధారణంగా అది సరిపోతుంది. కేస్ మీద నీటిబొట్టు వేస్తే చుర్రుమని ఎగరాలి, అదే గుర్తు. అప్పుడు కేస్‌ని బోర్లించి చెక్క బల్ల మీద తట్టితే బేరింగ్ దానంతటదే రాలుతుంది. బేరింగ్ జారకుండా పట్టే సర్‌క్లిప్, రిటైనర్ లాంటివి ముందే తీశారో లేదో చూసుకోండి.

గ్యాస్ వెల్డింగ్ మంట మాత్రం వద్దు. ఒకచోట విపరీతంగా కాలి, ఇంకోచోట చల్లగా ఉండి కేస్ వంకరపోతుంది. హీట్ గన్ గానీ హాట్ ప్లేట్ గానీ నయం. పౌడర్ కోటింగ్ చేసేవాళ్ళ దగ్గర పెద్ద ఓవెన్ ఉంటుంది, మాట్లాడుకుంటే పెట్టనిస్తారు, కాకపోతే వాళ్ళు పనికి వాడే వేడి చాలా ఎక్కువ కాబట్టి 110 దగ్గరే ఆపమని చెప్పి పక్కనే నిలబడండి.

రోలర్ బేరింగ్ ఇన్నర్ రేస్ క్రాంక్ షాఫ్ట్ మీదే ఉండిపోయింది. తీయాల్సిందేనా?

బేరింగ్ లోపలి రింగు ఇన్నర్, బయటిది ఔటర్, ఈ రింగులనే రేసులంటాం. రోలర్ బేరింగ్‌లో ఇన్నర్ విడిగా రావడం, షాఫ్ట్ మీదే ఉండిపోవడం సహజం. దాని మీద గీతలు, చుక్కలు లేకుండా, ఔటర్, రోలర్లు కూడా బాగుండి అదే సెట్టు మళ్ళీ వాడుతుంటే తీయకండి. ఏ భాగం పోయినా మొత్తం సెట్టు మార్చాలి, కొత్త రోలర్లని పాత ఇన్నర్ మీద నడపకూడదు.

తీయాల్సి వస్తే రెండు ముక్కల బేరింగ్ సెపరేటర్ ప్లేటు, పుల్లర్ వాడండి. ఫ్లైవీల్‌కీ రేస్‌కీ మధ్య ఉలి పెట్టి కొట్టే పద్ధతి చాలా షెడ్లలో చూస్తాం, రేస్ వస్తుంది గానీ నొక్కి కూర్చోబెట్టిన క్రాంక్ అలైన్‌మెంట్ కూడా పోతుంది. ఆ తర్వాత ఎంత మంచి బేరింగ్ వేసినా నిలవదు.

మేస్త్రీ షాఫ్ట్ మీదున్న బాల్ బేరింగ్‌ని ఔటర్ పట్టుకుని పుల్లర్‌తో లాగేశాడు. మళ్ళీ వాడొచ్చా?

ఇంజన్ లోపల వాడకండి. షాఫ్ట్‌కి బిగుసుకున్నది ఇన్నర్ అయితే, ఔటర్ పట్టుకుని లాగినప్పుడు ఆ బలమంతా బాల్స్ గుండా పోతుంది, ట్రాక్ మీద కంటికి కనిపించీ కనిపించని గుంటలు పడతాయి. తిప్పితే నున్నగానే ఉండొచ్చు, వేడి మీద లోడ్ పడ్డాక మోత మొదలవుతుంది.

అన్నీ ఒకే డబ్బాలో కలిసిపోయాయి. ఏది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది?

అంచు మీద చెక్కిన నంబర్ చదవండి. చివరి రెండు అంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం మి.మీ.లో వస్తుంది (04 నుంచి పైకి). 6305 అంటే 25 మి.మీ. రంధ్రం, 62 బయటి వ్యాసం, 17 వెడల్పు. 6205 అయితే రంధ్రం అదే 25, కానీ బయట 52, వెడల్పు 15. ముందు "ఎన్‌యూ" ఉంటే అది రోలర్ బేరింగ్, ఇన్నర్‌కి అంచులుండవు కాబట్టి పక్కకి జారి వచ్చేస్తుంది. "ఎన్‌జే" ఉంటే ఇన్నర్‌కి ఒకవైపు అంచు ఉంటుంది.

బుల్లెట్ క్రాంక్‌కి డ్రైవ్ వైపు రెండు బేరింగ్‌లు, టైమింగ్ వైపు ఒకటి. ఒకే నంబర్ ఉన్న రోలర్ సెట్లు రెండుంటే వాటి భాగాల్ని మార్చి వేయకండి, కలిసి అరిగినవి కలిసే ఉండాలి. ఇంకోసారి విప్పినప్పుడు ఒక్కో బేరింగ్‌ని ఒక్కో ప్లాస్టిక్ కవర్లో వేసి పైన మార్కర్‌తో రాసేయండి, అంతే.

## కడిగాక చూసేటప్పుడు

దేనితో కడగాలి? పెట్రోల్ వాడొచ్చా?

కిరసనాయిల్ దొరికితే మంచిదే, ఇప్పుడది దొరకడమే కష్టం కాబట్టి డీజిల్ గానీ మినరల్ టర్పెంటైన్ గానీ వాడండి. పెట్రోల్ వద్దు, మూసిన షెడ్డులో బీడీ వెలిగించేవాళ్ళు ఒక్కరుంటే చాలు. రెండు గిన్నెలు పెట్టుకోండి, మొదటిదాంట్లో మురికి వదిలించి రెండోదాంట్లో శుభ్రంగా కడగాలి. బాగా కడిగే దాకా బేరింగ్ తిప్పకండి, ఇసుక రేణువు ఉండగా తిప్పితే బేరింగ్‌ని మీరే పాడుచేసినట్టు. ఆరగానే నూనె పూయండి, చేతి చెమటకి కూడా రేసుల మీద వేలిముద్రల్లో తుప్పు పడుతుంది.

కంప్రెసర్ గాలి కొడితే బేరింగ్ భలే తిరుగుతోంది, అంటే బాగున్నట్టేగా?

కాదు, ఆ పని అసలు చేయకండి. నూనె లేని బేరింగ్ ఆ వేగంలో తిరిగితే ట్రాక్ గీసుకుపోతుంది, కేజ్ (బాల్స్‌ని ఎడంగా పట్టి ఉంచే చట్రం) విడిపోయి బాల్స్ ఎగిరొచ్చి కంటికి తగిలే ప్రమాదం కూడా ఉంది. గాలితో ఆరబెట్టాలంటే రెండు రేసుల్నీ కదలకుండా పట్టుకుని పక్కనుంచి కొట్టండి.

చేత్తో తిప్పితే నున్నగా తిరుగుతోంది. ఇంకేం చూడాలి?

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. వేగంగా తిప్పితే లోపాలన్నీ దాక్కుంటాయి. రెండు చుక్కల పల్చటి నూనె వేసి, ఇన్నర్‌ని బొటనవేలితో ఒక పక్కకి నొక్కి పట్టి, చాలా నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. తర్వాత రెండో పక్కకి నొక్కి ఇంకో చుట్టు. ఎక్కడ ఏ కొంచెం టిక్ మన్నా అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. కడిగి మళ్ళీ తిప్పండి. టిక్ పోతే మురికి, అదే చోట మళ్ళీ వస్తే దెబ్బ.

తర్వాత కంటితో. ఫోన్ టార్చ్‌ని ఎదురుగా పెట్టకుండా పక్కనుంచి వాలుగా పట్టండి, అప్పుడే గుంటల నీడ తెలుస్తుంది. కేజ్ పక్కనున్న సందులోంచి ట్రాక్ చూస్తూ, కొంచెం కొంచెం తిప్పుతూ చుట్టూ రావాలి. ట్రాక్‌లో సన్నటి మసక పట్టీ కనిపిస్తుంది, బాల్ నడిచిన దారి అది. ఆ పట్టీ సమంగా, చుట్టూ ఒకే వెడల్పులో ఉంటే సంతోషం. ఒక అంచుకి జరిగి ఉంటే బేరింగ్ మీద పక్కనుంచి తోపు పడుతోంది, షిమ్‌లూ (సర్దుబాటు వాషర్లు), ఎండ్ ప్లే (షాఫ్ట్ పక్కకి కదిలే ఖాళీ) కూడా చూడాలి. కదలని రేస్‌లో పట్టీ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వంకరగా పోతుంటే షాఫ్టో, కేసో వాటంగా లేదు, బేరింగ్ మారిస్తే తీరే సమస్య కాదు.

పట్టీలో బూడిదరంగు గరుకు మచ్చ కనిపిస్తే బాల్ పెన్ను ములికిని దాని మీదుగా మెల్లగా జరపండి. ములికి ఆగితే, తట్టుకుంటే, పెచ్చు లేవడం మొదలైందని అర్థం, ఇక ఆ బేరింగ్ గురించి ఆలోచించక్కర్లేదు. ములికి ఆగకుండా కేవలం మసకగా ఉంటే నూనెలో మురికి తిరిగిన గుర్తు, అది ఎంత ఉందో, ఎక్కడ వాడబోతున్నారో చూసి తేల్చుకోవాలి.

ఇంకొక రకం ఉంది. ట్రాక్ చుట్టూ సరిగ్గా బాల్‌కీ బాల్‌కీ ఉన్నంత దూరంలో, ఇడ్లీ ప్లేటు గుంటల్లా లెక్కగా మచ్చలు. సుత్తి దెబ్బలకి పడితే గుంట అడుగు నున్నగా ఉంటుంది, ఏళ్ళ తరబడి కదలకుండా ఉండి సన్నటి అదురుకి పడితే అడుగు గరుకుగా, కొన్నిసార్లు ఎర్రటి తుప్పుపొడితో ఉంటుంది. లారీలో దేశం ఒక మూలనుంచి ఇంకో మూలకి తెచ్చుకున్న బళ్ళలో రెండో రకం కనిపించొచ్చు. ఏ రకమైనా ఆ బేరింగ్ పక్కన పెట్టేయాల్సిందే.

రేస్ గోధుమరంగుకి తిరిగింది. కాలిపోయిందా?

ముందు రుద్ది చూడండి. పాత నూనె ఎండి వార్నిష్‌లా పట్టుకుంటే కూడా గోధుమరంగే వస్తుంది, టర్పెంటైన్‌లో నానబెట్టి గుడ్డతో గట్టిగా తుడిస్తే అది పోతుంది, కింద తెల్లటి లోహం కనబడుతుంది. తుడిచినా పోని గోధుమ, ఊదా, నీలం రంగులు ఉక్కులోపలి నుంచి వచ్చినవి. నీలం తిరగాలంటే ఉక్కు దాదాపు 300 డిగ్రీలు చూసి ఉండాలి, ఆ వేడికి బేరింగ్ ఉక్కు గట్టిదనం తగ్గిపోతుంది. అలాంటిది ఎంత నున్నగా తిరిగినా పారేయండి. పారేసే ముందు అంత వేడి ఎందుకొచ్చిందో మాత్రం కనుక్కోవాలి, నూనె అందలేదా, బిగువు ఎక్కువైందా అని.

చిన్న తుప్పు చుక్క ఉంది. సన్నటి ఎమిరీ పేపర్‌తో రుద్దితే పోదా?

చుక్క పోతుంది, గుంట మిగులుతుంది. బాల్ నడిచే దారిలో ఎమిరీ తగలకూడదు. అక్కడ కొలతలు మైక్రాన్లలో ఉంటాయి, మీరు రుద్దిన చోట పల్లం పడుతుంది, ఎమిరీ రేణువులు కూడా లోపలే మిగిలిపోతాయి. బాల్ నడవని చోట, అంటే ఔటర్ బయటి ముఖం మీద, పక్క అంచుల మీద తుప్పు ఉంటే నూనె రాసిన గుడ్డతో తుడిచి వాడుకోవచ్చు.

పట్టుకుని ఊపితే కదులుతోంది. ప్లే ఎంత దాకా ఉండొచ్చు?

చేత్తో ఊపి తేల్చకండి. బాల్ బేరింగ్‌లో పక్కకి ఉండే కదలిక, పైకీ కిందకీ ఉండేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ, కొత్తది కూడా లొడలొడలాడినట్టే అనిపిస్తుంది. 25 మి.మీ. రంధ్రం ఉన్న కొత్త బాల్ బేరింగ్‌లో పైకీ కిందకీ ఉండాల్సింది 5 నుంచి 20 మైక్రాన్లు, సీ3 (లోపల ఖాళీ ఎక్కువున్న రకం) అని ఉంటే 13 నుంచి 28. ఇంత సన్నటి తేడాని వేళ్ళు కొలవలేవు.

ఇన్నర్‌ని బోల్టుతో బల్లకి బిగించి, ఔటర్ మీద డయల్ గేజ్ (సన్నటి కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి ఎత్తి దించి చూడండి. డయల్ గేజ్ లేకపోతే అదే నంబర్, అదే సీ3 గుర్తు ఉన్న కొత్త బేరింగ్ ఒకటి పక్కన పెట్టుకుని, ఒక చేతిలో పాతది, ఒక చేతిలో కొత్తది పట్టుకుని పోల్చండి. అరుగు ఉంటే అప్పుడు తేడా బాగా తెలుస్తుంది. బేరింగ్‌ని పొడిగా కాకుండా పల్చటి నూనెతోనే చూడాలి.

కేజ్ కొంచెం కదులుతోంది, పర్వాలేదా?

కొంచెం కదలాలి కూడా. రివెట్లు వదులవడం, కేజ్ గదులు ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి రావడం, ఎక్కడైనా సన్నటి చీలిక కనిపించడం, ఈ మూడింటిలో ఏదున్నా వద్దు. ప్లాస్టిక్ కేజ్ అయితే పాతబడి పెళుసెక్కుతుంది, పాతదాన్ని నేను తిరిగి వాడను.

ఔటర్ రేస్ బయట అద్దంలా మెరుస్తోంది. మంచిదేనా?

మంచిది కాదు, బేరింగ్ కేస్‌లో తిరిగింది. ఎర్రటి పొడి ఉంటే సన్నగా అదిరింది. బేరింగ్ బాగున్నా కేస్ రంధ్రం వదులైంది కాబట్టి అసలు సమస్య కేస్‌ది. రంధ్రాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించండి. తేడా చాలా సన్నగా ఉంటే లాక్‌టైట్ 641 లాంటి బేరింగ్ రిటైనింగ్ జిగురు సరిపోవచ్చు, అది మళ్ళీ విప్పుకోవడానికి వీలైన రకం. 638 ఇంకా గట్టిది, తర్వాత తీసేటప్పుడు ఏడిపిస్తుంది. వదులు ఎక్కువైతే బోరింగ్ చేయించి స్లీవ్ వేయించడమే దారి.

రంధ్రం లోపల సెంటర్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టి బిగువు తెప్పించే పద్ధతిని ఇప్పటికీ చేస్తారు. ఆ చుక్కల కొనల మీదే బేరింగ్ నిలుస్తుంది, కొద్ది రోజుల్లో అవి అణిగిపోయి మళ్ళీ వదులవుతుంది, పైగా బేరింగ్ మధ్యకి కూర్చోదు.

## బిగ్ ఎండ్, బుష్‌లు, షెల్స్

బుల్లెట్ బిగ్ ఎండ్‌లో బాల్స్, రోలర్లు ఏమీ లేవు, ఒక బుష్ ఉందంతే. అది మామూలేనా?

మామూలే. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి కంపెనీ ఇచ్చింది ఫ్లోటింగ్ బుష్. అది కనెక్టింగ్ రాడ్‌కీ అంటుకోదు, క్రాంక్ పిన్‌కీ అంటుకోదు, రెండింటి మధ్యా నూనె పొర మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. కాబట్టి చూడాల్సిన ముఖాలు నాలుగు: పిన్, బుష్ లోపల, బుష్ బయట, రాడ్ కన్ను.

క్రాంక్ విడగొట్టకుండా చూడాలంటే బ్యారెల్ తీసి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోట క్రాంక్‌ని పట్టి, రాడ్‌ని నిటారుగా పైకీ కిందకీ లాగండి. రాడ్ అటూ ఇటూ ఒరగడం సహజం, దాన్ని చూసి భయపడకండి. పైకీ కిందకీ టక్ మని తగిలితే మాత్రం క్రాంక్ విడగొట్టాల్సిందే. విడగొట్టాక బుష్ మీద గీతలు, లోహం లేచిపోయిన మచ్చలు, నూనె రంధ్రాల చుట్టూ నల్లటి గట్టి మురికి ఉన్నాయేమో చూడండి. పిన్‌ని మైక్రోమీటర్‌తో నాలుగు దిక్కులా కొలిస్తే గుండ్రంగా ఉందో లేదో తేలుతుంది. క్రాంక్ ఎలాగూ విడగొట్టారు కాబట్టి పాత బుష్ ఉంచేయడం నాకు అర్థంలేని పొదుపుగా అనిపిస్తుంది.

ఒక చిన్న వస్తువు మాత్రం మర్చిపోకండి. టైమింగ్ కవర్ వైపు నుంచి క్రాంక్ చివరికి నూనె ఎక్కే చోట చిన్న సీల్ ఉంటుంది, పాతవాటిలో కార్క్‌ది. అది ఎండిపోయి కారుతుంటే బిగ్ ఎండ్‌కి చేరాల్సిన నూనె దారిలోనే పోతుంది. కొత్త బుష్ కూడా త్వరగా పోయిందని వచ్చేవాళ్ళని ముందు అడగాల్సింది ఈ సీల్ మార్చారా అనే. దాన్ని చేరుకునేటప్పుడు ఇంకో సంగతి, ఆయిల్ పంపుని తిప్పే వార్మ్ నట్టుకి ఎడమ మర ఉంటుంది, మామూలు వాటంలో విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది.

రోలర్ బిగ్ ఎండ్ వేయించమంటున్నారు. వేయించాలా?

నూనె సరఫరా కాస్త తగ్గినా రోలర్ తట్టుకుంటుంది, అది దాని బలం. శుభ్రమైన నూనె, బాగున్న పంపు, నెమ్మదైన నడక ఉంటే ఫ్లోటింగ్ బుష్ కూడా ఏళ్ళకేళ్ళు నడుస్తుంది, శబ్దం కూడా తక్కువ. హైవే మీద గంటల తరబడి నడిపేవాళ్ళకి రోలర్ వేయించమని చెప్తాను. బండిని మొదట ఎలా ఉండేదో అలాగే ఉంచాలనుకునే వాళ్ళు బుష్‌తోనే ఉండొచ్చు. ఏది వేసినా క్రాంక్‌ని సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో అలైన్‌మెంట్ చేసే లేత్ వాళ్ళ దగ్గరే చేయించండి. "చేత్తో చూసి సరిచేస్తాం" అనేవాళ్ళ దగ్గర క్రాంక్ పెట్టొద్దు.

పిస్టన్ పిన్ బుష్ బాగుందో లేదో ఎలా?

పిన్‌కి నూనె రాసి బుష్‌లో పెడితే బొటనవేలి నొక్కుడికి జారాలి, దాని బరువుకే జారిపడకూడదు. రెండు చివర్లా పట్టి ఊపితే ఆట తెలియకూడదు. తెలిస్తే కొత్త బుష్ వేయించి రీమర్‌తో సైజుకి సరిచేయించండి, ఖర్చు పెద్దది కాదు.

అంబాసిడర్ షెల్ బేరింగ్‌ల మీద రాగిరంగు కనిపిస్తోంది. ఇంకా వాడొచ్చా?

పాత 1489 సీసీ ఇంజన్ల గురించి చెప్తాను. చాలా షెల్స్‌లో వెనక ఉక్కు, దాని మీద రాగి-సీసం, పైన చాలా పల్చటి బూడిదరంగు పూత ఉంటాయి. రాగి కనిపించిందంటే పైపూత అరిగిపోయింది. అన్ని షెల్స్‌లో ఒకే చోట, లోడ్ పడే వైపు కొంచెం కనిపిస్తే వయసు. ఒక అంచులోనే కనిపిస్తే రాడ్ వంగింది. గీతలు గీతలుగా ఉంటే మురికి. ఏదైనా సరే, ఇంజన్ కిందికి దించి ఉన్నప్పుడు రాగి తేలిన షెల్ తిరిగి వేయకండి.

షెల్ వెనక 010, 020, 030 అని ఉంటే క్రాంక్‌ని అన్ని వేల వంతుల అంగుళం గ్రైండ్ చేశారని అర్థం, కొత్తవి కూడా అదే సైజు తేవాలి. ఏమీ లేకపోయినా, ఎస్‌టీడీ (గ్రైండ్ చేయని మామూలు సైజు) అని ఉన్నా షాఫ్ట్ కొలవకుండా కొనకండి. గ్యాప్‌కి పాత లెక్క, షాఫ్ట్ వ్యాసం ఒక అంగుళానికి ఒక వెయ్యోవంతు. ఈ ఇంజన్ మెయిన్ జర్నల్ (షాఫ్ట్ మెయిన్ బేరింగ్‌లో కూర్చునే భాగం) 2 అంగుళాలు, కాబట్టి 0.002 అంగుళం, అంటే సుమారు 0.05 మి.మీ. ప్లాస్టిగేజ్ (నొక్కితే చదునయ్యే మెత్తటి ప్లాస్టిక్) తీగ పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించి, షాఫ్ట్ తిప్పకుండా విప్పి నలిగిన తీగ వెడల్పు చూస్తే గ్యాప్ తెలుస్తుంది.

షెల్ వెనక పల్చటి రేకు పెడితే గ్యాప్ తగ్గుతుందని మా మేస్త్రీ అంటున్నాడు?

తగ్గుతుంది, కొన్నాళ్ళు శబ్దం కూడా ఆగుతుంది. షెల్ వెనక భాగం రాడ్‌కి పూర్తిగా ఆనితేనే వేడి బయటికి పోతుంది. రేకు పెడితే ఆనదు, షెల్ గుండ్రం తప్పుతుంది. రాడ్ క్యాప్ (బిగ్ ఎండ్ దగ్గర బోల్టులతో బిగించే సగం) అంచు ఆకురాయితో రాయడం కూడా ఇదే కోవలోది, రాడ్ శాశ్వతంగా పోతుంది. బండి అమ్మేయడానికి చేసే పనులు ఇవి, ఉంచుకోవడానికి కాదు.

## ఉంచాలా, మార్చాలా

అన్నీ చూశాం, బాగానే ఉంది, కానీ పాతది. చివరికి ఎలా తేల్చుకోవాలి?

నేను బేరింగ్ వయసు చూడను, అది మళ్ళీ పోతే ఎంత విప్పాలో చూస్తాను. క్రాంక్‌కేస్ విడగొడితే గానీ చేరలేని మెయిన్ బేరింగ్ మీద చిన్న అనుమానం ఉన్నా మార్చేస్తాను, ఎందుకంటే బేరింగ్ ధర కంటే ఆ కూలీ, గాస్కెట్లు, తిరగేసిన శ్రమే ఎక్కువ. ఇంజన్ దించకుండానే కవర్ తీసి మార్చుకోగలిగిన చోట ఉన్నదైతే, పరీక్షలన్నీ పాసైన పాతదాన్ని నిశ్చింతగా వాడతాను. నాలుగు గేర్ల ఆల్బియన్ గేర్‌బాక్స్ బేరింగ్‌లు ఈ రెండింటి మధ్యలో ఉంటాయి. అవి క్రాంక్ అంత వేడీ దెబ్బా చూడవు కాబట్టి నున్నగా ఉంటే ఉంచొచ్చు.

కొత్తవి కొంటే నకిలీ వస్తున్నాయట. అయితే పాతదే నయమా?

కొన్నిసార్లు నిజంగానే నయం. పరీక్షలో పాసైన పాత అసలు బేరింగ్‌కీ, ధర చూసి కొన్న ఊరూ పేరూ లేని కొత్తదానికీ మధ్య ఎంచుకోమంటే నేను పాతదే తీసుకుంటాను. కానీ అసలుది దొరకదని కాదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ మీ ఊరి పెద్ద బేరింగ్ షాపులో గానీ అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. ఎస్‌కేఎఫ్‌కి ఫోన్‌లో ఫోటో తీసి పంపే తనిఖీ యాప్ కూడా ఉంది. అచ్చు వంకరగా ఉండడం, వేలితో రుద్దితే చెరగడం, కవర్ మీద నంబర్ ఒకటీ బేరింగ్ మీద ఇంకొకటీ ఉండడం, సగం ధర, వీటిలో ఏదున్నా తిరిగిచ్చేయండి. స్పేర్ పార్ట్స్ కొట్టువాడు "కంపెనీదే అన్నా" అంటే ఏ కంపెనీదో అడగండి.

సీ3 వేయాలా, మామూలుదా?

పాతదాని మీద ఏముందో, పార్ట్స్ బుక్కులో ఏముందో అదే. సీ3 అంటే నాణ్యత ఎక్కువ అని కాదు, లోపల ఖాళీ ఎక్కువ అని అర్థం. బిగువుగా నొక్కి కూర్చోబెట్టినప్పుడు, వేడెక్కినప్పుడు ఆ ఖాళీ కొంత తగ్గిపోతుందని లెక్కవేసి ఇస్తారు. అక్కర్లేని చోట సీ3 వేస్తే శబ్దం, కావలసిన చోట మామూలుది వేస్తే బిగుసుకుపోవడం.

పుదుపేటలో విడదీసిన ఇంజన్ల బేరింగ్‌లు అమ్ముతారు. కొనొచ్చా?

దొరకని క్రాంక్‌కేస్, రాకర్ బాక్స్ లాంటివాటికి చెన్నై పుదుపేట స్వర్గం. బేరింగ్‌లకి కాదు. ఏ రేస్ పట్టుకుని లాగారో మీకు తెలియదు.

## తిరిగి బిగించేటప్పుడు

పాత బేరింగ్‌ని మళ్ళీ ఎక్కించేటప్పుడు ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

కొత్తదానికి తీసుకునే జాగ్రత్తే. కేస్‌లోకి పోయేటప్పుడు బలం ఔటర్ మీద, షాఫ్ట్ మీదకి ఎక్కేటప్పుడు ఇన్నర్ మీద పడాలి. కేస్‌ని 100 డిగ్రీల దాకా వేడిచేసి, బేరింగ్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో (కవర్లో చుట్టి, నూనె పూసి) పెడితే చాలాసార్లు చేత్తోనే జారి కూర్చుంటుంది. అడుగు దాకా ఆనిందో లేదో వేడి ఉండగానే చూసుకోండి, చల్లారాక కదలదు. బేరింగ్‌నే వేడిచేయాల్సి వస్తే 110 దాటనివ్వకండి. నంబర్ పైకి కనిపించేలా పెట్టండి, తర్వాత విప్పేవాడు దండం పెడతాడు.

గ్రీజు పెట్టాలా, నూనెనా?

ఇంజన్ లోపల ఇంజన్ నూనే. గ్రీజు ముద్దలు నూనె దారుల్లో అడ్డుపడతాయి.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఏం చేయాలి?

ఫిల్టర్ గదిలో నూనె నింపండి. ప్లగ్ తీసి కిక్‌తో తిప్పుతూ, రాకర్లకి వెళ్ళే నూనె పైపు బాంజో బోల్టు (నూనె పోవడానికి లోపల రంధ్రమున్న బోల్టు) కొద్దిగా వదులు చేసి, అక్కడ నూనె తడి కనిపించే దాకా ఆపకండి. కనిపించాక బిగించి, ప్లగ్ పెట్టి, స్టార్ట్ చేసి మధ్యస్థ వేగంలో ఉంచండి. బాగా నెమ్మదిగా ఐడిల్‌లో వదిలేస్తే పంపు నెమ్మదిగా తిరిగి నూనె తక్కువ అందుతుంది.

మొదటి నూనెని మామూలు లెక్క కంటే చాలా ముందే, ఒకట్రెండు వందల కిలోమీటర్లకే దించేసి, తెల్లగుడ్డలో వడకట్టి అయస్కాంతం పెట్టి చూడండి. ఆ గుడ్డని ఆరబెట్టి తేదీ, కిలోమీటర్లు రాసి ఒక కవర్లో పెట్టుకుంటే, రెండోసారి దించినప్పుడు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. రెండోదాంట్లో ఉక్కు పొడి తగ్గి ఉండాలి. పెరిగితే శబ్దం కోసం ఎదురుచూడకుండా మళ్ళీ విప్పండి.